తలకు మించిన టెస్లా

2021 అక్టోబరులో పారిస్ శివార్లలోని సాక్లేలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఒక గుమ్మడికాయ తెచ్చారు. మన సినిమావాళ్లు షూటింగంతా పూర్తయ్యాక కొట్టే గుమ్మడికాయతో వాళ్లు ముహూర్తమే చేసేశారు. కొట్టలేదు లెండి, పడుకోబెట్టారు. ఎక్కడంటే 132 టన్నుల బరువు, అయిదు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న అయస్కాంతం కడుపులో. దాని లోపల 182 కిలోమీటర్ల అతివాహక తీగ, ఆ తీగలో 1,500 ఆంపియర్ల కరెంటు, తీగను చల్లబరచడానికి 7,500 లీటర్ల ద్రవ హీలియం. పేరు ఇసుల్ట్, బలం 11.7 టెస్లా. మనిషి మెదడు చూడటానికి కట్టిన ఎం.ఆర్.ఐ. యంత్రాల్లో అంతకు మించింది లోకంలో లేదు. ఇరవై ఏళ్లకు పైగా చెమటోడ్చి కట్టిన ఆ మహాయంత్రం మొట్టమొదట దర్శనమిచ్చింది గుమ్మడికాయకు. మనిషి తల బొమ్మలు లోకానికి చూపేసరికి 2024 ఏప్రిల్ వచ్చింది. అయస్కాంతం తన పూర్తి బలం అందుకున్నది 2019 జులైలో. మధ్యలో దాదాపు అయిదేళ్లు దేనికి పట్టాయి?

ఆ సంగతి పత్రికలవాళ్లకు అక్కర్లేకపోయింది. టన్నులు అచ్చయ్యాయి, కిలోమీటర్లు అచ్చయ్యాయి, హీలియం లీటర్లు అచ్చయ్యాయి. లోపలికి వెళ్లిన తల చుట్టూ ఏం పెట్టారన్నది ఏ శీర్షికకూ ఎక్కలేదు.

నిజానికి అయస్కాంతం ఉద్యోగం చాలా సుఖమైనది. కదలకుండా కూర్చోవడం, అంతే. దాని పుణ్యాన తలలోని నీళ్లలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్ చొప్పున ఒక తాళంలో తిరుగుతాయి. అక్కడితో దాని డ్యూటీ అయిపోయింది. అదే తాళంలో రేడియో తరంగం పంపి ఆ కేంద్రకాలను కదిలించేది, అవి తిరిగి గొణిగే అతి సన్నటి గొణుగుడును పట్టుకునేది తల చుట్టూ ఉండే రాగి తీగల తొడుగు. దాన్నే కాయిల్ అంటారు. అయస్కాంతానికి నోరూ లేదు, చెవీ లేదు. ఉన్నవల్లా బరువు, బడ్జెట్, బిరుదు.

ఈ బిరుదుల పిచ్చి సాక్లేకే పరిమితం అనుకునేరు. హైదరాబాదులోనో విజయవాడలోనో డయాగ్నొస్టిక్ సెంటర్ బోర్డులు చూడండి. '3 టెస్లా ఎం.ఆర్.ఐ.' అని మనిషంత అక్షరాలు. పక్క వీధివాడిది ఒకటిన్నర కాబట్టి మనది రెట్టింపు గొప్ప. తలకు పెట్టే కాయిల్ ఎన్నేళ్ల క్రితంది, దాని లోపలి తీగ వలయాల్లో ఎన్ని బతికున్నాయి, ఎన్ని చచ్చాయి అన్నది ఏ బోర్డూ చెప్పదు. చెబితే వినేవాడూ లేడు. మీసాలకు సంపెంగనూనె కనిపిస్తుంది గానీ కడుపులో మెతుకు కనిపించదు కదా.

ఇంతకీ టెస్లాలు పెరిగితే తప్పేమిటి? సిగ్నల్ పెరుగుతుంది, నిజమే. 1.5 కంటే 3 మేలు, 3 కంటే 7 మేలు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ మేలును తలలోంచి బయటికి తేవాల్సిన తరంగంతో. 1.5 టెస్లా దగ్గర కాయిల్ 64 మెగాహెర్ట్జ్‌లో పాడుతుంది. 3 టెస్లా దగ్గర 128. అంటే శంషాబాదులో దిగే విమానాల పైలట్లు కంట్రోల్ టవరుతో మాట్లాడుకునే బ్యాండులోకి వచ్చేసినట్టే. అందుకే యంత్రం ఉన్న గదికి నాలుగు వైపులా రాగి రేకు తాపడం చేస్తారు. 7 టెస్లాకు దాదాపు 300, 11.7కు దాదాపు 500. గాలిలో 300 మెగాహెర్ట్జ్ తరంగం ఒక మీటరు పొడవుంటుంది. నీళ్లతో నిండిన మెదడులోకి దిగగానే అది పదమూడు సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. 11.7 దగ్గర ఎనిమిదిన్నర. తరంగం కంటే తల పెద్దదైపోయింది. ఇక ఒక వైపు నుంచి వచ్చిన అలా మరో వైపు నుంచి వచ్చిన అలా లోపల ఢీకొని ఒకచోట కలిసిపోయి పొంగుతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బొమ్మలో తల నడుమ తెల్లగా వెలిగిపోతుంది. కణతల వెనకా చిన్నమెదడు దగ్గరా చీకటి.

కణతల వెనక ఉన్నదేమిటి? హిప్పోక్యాంపస్. జ్ఞాపకాలను కూర్చే చోటు. మూర్ఛరోగానికి ఆపరేషన్ చేయాలన్నా, అల్జీమర్స్ ఎంత ముదిరిందో చూడాలన్నా డాక్టరు మొదట వెతికేది ఆ భాగాన్నే. మతిమరుపని వచ్చిన పెద్దాయన తలలో మతి ఉండే చోటును మాత్రం వదిలేసి తక్కినదంతా అద్భుతంగా చూపించగలిగిన యంత్రానికి మనం కోట్లు పోశాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

వేడి సంగతి మరొకటి. తలలోకి పంపే రేడియో శక్తి కొంత వేడిగా మారుతుంది. టెస్లాలు రెట్టింపైతే ఆ వేడి ఉజ్జాయింపుగా నాలుగింతలు. మొత్తం తలకు సగటున కిలోకు 3.2 వాట్లు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం గీత గీసింది. కాబట్టి మహా బలమైన అయస్కాంతం పక్కన నిలబడిన కాయిల్ నోరు తెరిచి పాడటానికే వీల్లేదు. గొంతు నొక్కి, ఆగి ఆగి పాడాలి.

ఇన్ని చూశాక బుద్ధిమంతుడెవడైనా కాసేపు ఆగి, ఉన్న ఏడు టెస్లాలతోనే తల మొత్తం సమంగా చూపే కాయిల్ ఏదని అడుగుతాడు. లోకం అడిగింది అది కాదు. అమెరికాలో మిన్నెసోటావాళ్లు 10.5 పెట్టారు. ఫ్రెంచివాళ్లు 11.7 పెట్టారు. నెదర్లాండ్స్‌లో 14 టెస్లా యంత్రానికి 2023లో 1.9 కోట్ల యూరోలు మంజూరయ్యాయి. అక్కడ తలలో తరంగం ఏడు సెంటీమీటర్ల దరిదాపుకు వచ్చేస్తుంది. ఆ చీకట్లను పోగొట్టే పని ఎవరిదంటే, జవాబు అందరికీ తెలిసిందే. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ల్యాబు మూలన కూర్చున్న పీహెచ్‌డీ కుర్రాడిది.

తల ఎవరిదైనా ఆఖరి తీర్పు కాయిల్‌దే అన్న సంగతి ఈ శాస్త్రం పుట్టినరోజునే తేలిపోయింది. బ్రూక్లిన్‌లో రేమండ్ డమాడియన్ అనే పరిశోధకుడు తన యంత్రానికి 'అజేయం' అని అర్థం వచ్చే ఇండామిటబుల్ అనే పేరు పెట్టుకున్నాడు. ఆయన శిష్యుడు మైఖేల్ గోల్డ్‌స్మిత్ అట్టకు రాగి చుట్టి కాయిల్ కట్టాడు. 1977లో డమాడియన్ స్వయంగా అందులో కూర్చున్నాడు. సిగ్నల్ రాలేదు. గురువుగారి ఒళ్లు కాయిల్ మోయగలిగినదానికంటే ఎక్కువైందని అనుమానించారు. సన్నగా ఉన్న మరో శిష్యుడు లారీ మింకాఫ్‌ను జులై 3న కూర్చోబెట్టారు. దాదాపు అయిదు గంటల తర్వాత మనిషి ఛాతీ అడ్డుకోత మొదటి బొమ్మ వచ్చింది. అయస్కాంతం పేరు అజేయమే, జయించింది మాత్రం అట్టముక్క. కానీ గురువు గారి నడుము కొలత దగ్గర తేలిపోయిన ఆ ముక్కను తర్వాతి తరాల మంజూరు కమిటీలు వినిపించుకోలేదు.

కాయిళ్ల లోకమేమైనా తక్కువ తిన్నదా? అక్కడా ఓ బిరుదుల పందెం ఉంది. దాని పేరు ఛానెళ్లు.

1985లో సెసిల్ హేస్, ఆయన మిత్రులు పిట్టగూడు ఆకారంలో ఒక కాయిల్ కట్టారు. చుట్టూ నిలువు కమ్మీలు, కిందా పైనా రెండు వలయాలు. దాన్ని నేటికీ బర్డ్‌కేజ్ అనే పిలుస్తారు. 1.5 టెస్లాకు దాన్ని మించిన సుఖం లేదు. 1990లో పీటర్ రోమర్ బృందం మరో తెలివి చూపింది. ఒక పెద్ద వలయం బదులు చిన్న వలయాలు చాలా పెడితే ఒక్కొక్కటి తన కిందనున్న చోటును చాలా బాగా వింటుంది. చిక్కల్లా పక్కపక్కనున్న రెండు వలయాలు మెదడును వదిలేసి ఒకదాని మాట ఒకటి వింటూ కూర్చుంటాయి. తోడికోడళ్లను వేరు కాపురం పెట్టించినా గోడకు చెవులు ఆనించి వింటారు. ఒకరి పొయ్యి మీదికి ఇంకొకరి గిన్నె కొంచెం జరిగేలా ఒకే వంటింట్లో కూర్చోబెడితే ఎవరి పనిలో వాళ్లుంటారు. రోమర్ చేసింది అదే. వలయాలను సరిగ్గా కొంతమేర ఒకదానిమీదికి ఒకటి జరిపితే వాటి మధ్య గుసగుసలు సున్నా అవుతాయి. ఎదుటి వరసలో కూర్చున్న దూరపు వలయాల కోసం ప్రత్యేకమైన ప్రీయాంప్లిఫయర్లు పెట్టారు. గొప్ప పని. దీనికి చప్పట్లు కొట్టని మనిషి మనిషే కాడు.

చప్పట్లు మరీ ఎక్కువైపోయాయి. ఎనిమిది వలయాలు, అంటే ఎనిమిది ఛానెళ్లు, పదహారయ్యాయి. 2006లో గ్రాహం విగిన్స్ బృందం బోస్టన్‌లో 32 చేసింది. ఫుట్‌బాల్ మీది పెంకుల్లా తల చుట్టూ అతికించారు. 2009కి 96. ఆ తర్వాత 128. ఎక్కువ ఛానెళ్లుంటే స్కాను త్వరగా అయిపోతుంది, దీన్ని 1999లో క్లాస్ ప్రూస్‌మన్ సెన్స్ పద్ధతితో నిరూపించాడు. మెదడు పైపొర కూడా బాగా కనిపిస్తుంది. ఎటొచ్చీ వలయం ఎంత చిన్నదైతే దాని చూపు అంత పైపైనే. తల నడుమకు వచ్చేసరికి భౌతికశాస్త్రం గీసిన ఒక పైకప్పు ఉంది, 32 వలయాలకే దాదాపు దాన్ని తాకేస్తాం. ఆ తర్వాత వంద చేర్చినా నడిమెదడుకు ఒరిగేది స్వల్పం. 96 కట్టినవాళ్లే నిజాయితీగా ఆ ముక్క రాశారు. చదివినవాళ్లు సంఖ్యను మాత్రం పట్టుకుని 128కి పరిగెత్తారు.

సరే, ఇవి వినే కాయిళ్లు. తలలో చీకటి ఎక్కడుందో తెలిసినప్పుడు పంపే కాయిల్‌నే ఎనిమిది గొంతులుగా విడగొట్టి, ఒక్కో గొంతును వేరువేరుగా హెచ్చించి తగ్గించి ఆ చీకటిని పూడ్చవచ్చు. 2003లో ఉల్రిష్ కాట్షర్, 2004లో యూడాంగ్ ఝూ ఆ దారి వేశారు. అయితే ఎనిమిది గొంతులు కలిసి పాడితే తలలో ఎక్కడ వేడి పోగవుతుందో ప్రతిసారీ కొత్త లెక్క వేయాలి. ఆ లెక్క బతికున్నవాడి తలలో థర్మామీటరు గుచ్చి చేయలేం. కంప్యూటరులో చేయాలి. కంప్యూటరుకు ఒక తల కావాలి.

ఇక్కడ ప్రవేశిస్తారు డ్యూక్ గారు.

జ్యూరిక్‌లోని ఐటీఐఎస్ ఫౌండేషన్ వాలంటీర్లను స్కాన్ చేసి 2010లో 'వర్చువల్ ఫ్యామిలీ' అని ఒక కుటుంబాన్ని లోకానికి పరిచయం చేసింది. డ్యూక్, 34 ఏళ్ల పురుషుడు. ఎల్లా, 26 ఏళ్ల స్త్రీ. బిల్లీ అని పదకొండేళ్ల అమ్మాయి, థెలోనియస్ అని ఆరేళ్ల అబ్బాయి. పేర్లు చూస్తే జాజ్ కచేరీ. నాటి నుంచి హై ఫీల్డ్ కాయిళ్ల వ్యాసాల్లో సగానికి సగం డ్యూక్ గారి తల చుట్టూనే తిరుగుతున్నాయనిపిస్తుంది చదివేవాడికి. కాయిల్ గీస్తారు, డ్యూక్ తలకు తొడుగుతారు, ఎక్కడ వేడెక్కిందో రంగుల్లో చూపిస్తారు. తక్కిన తలలు డ్యూక్ తలలా ఉండవన్న చిన్న అనుమానానికి ఒక సేఫ్టీ మార్జిన్ కలుపుతారు. ఆ మార్జిన్ అనేదే భూమ్మీద మిగిలిన తలలన్నిటికీ దక్కిన ప్రాతినిధ్యం. డ్యూక్ ఎప్పుడూ కదలడు, దగ్గడు, భయపడడు, స్కాను ఆపమని చేతిలోని బల్బు నొక్కడు. ఏళ్లు గడిచినా ఆయన వయసు 34 దాటదు. ఇంత మంచి పేషెంటు ఏ ఆసుపత్రికీ దొరకడు.

ఆసుపత్రికి దొరికే పేషెంటు ఎలా ఉంటుందంటే, మా ఇళ్లల్లో అత్తయ్యలాగా ఉంటుంది. నడుము దాకా జడ, జడలో పిన్నులు, మెడలో పుస్తెలతాడు, ముక్కుకు పుడక. టెక్నీషియన్ "అమ్మా, పిన్నులు తీసేయండి, తాడు కూడా తీసేయండి" అనగానే ఆవిడ ముఖం మాడిపోతుంది. బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా బాబూ అంటుంది. నిజమే, అంటుకోదు. రేడియో తరంగానికి మాత్రం లోహమంటే లోహమే, కరెంటు పుడుతుంది, కాలుతుంది. సరేనని అన్నీ తీస్తుంది. జడ ఎక్కడ తీస్తుంది? ఎక్కువ ఛానెళ్ల కాయిల్ తలకు ఎంత బిగుతుగా ఉంటే అంత బాగా వింటుంది కాబట్టి డిజైనర్లు మిల్లీమీటర్లు కొట్టేసి కట్టారు. ఆ కొట్టేసిన మిల్లీమీటర్ల దగ్గరే ముడి ఇరుక్కుంటుంది. ముడి విప్పి, జుట్టు పక్కకు తోసి, తల సగం లోపలికి నెట్టి, మొత్తానికి స్కాను చేస్తారు. ఆ జుట్టు మందాన తల ఎంత దూరం జరిగితే వలయాలకు అంత సిగ్నల్ తగ్గింది. వ్యాసంలో ఇది రాయరు. డ్యూక్‌కు జడ లేదు.

చీకటి మాట మర్చిపోయామనుకోకండి. దానికి పరమ చవకైన వైద్యం ఒకటి దొరికింది, దొరికాక కొంచెం సిగ్గేసింది కూడా. క్యాల్షియం టైటనేట్ పొడిని భారజలంలో కలిపి చిక్కటి ముద్ద చేసి, వేలు మందాన సంచిలో పోసి కణతల పక్కన ఆనించి పెడతారు. లైడెన్‌లో ఆండ్రూ వెబ్ బృందం దీనిమీద చాలా పని చేసింది. ఆ ముద్ద తరంగాన్ని వంచి చీకట్లోకి తోస్తుంది. మామూలు నీళ్లయితే సంచి కూడా బొమ్మలో పడుతుంది కాబట్టి భారజలం. మన మణుగూరు కర్మాగారంలో అణు రియాక్టర్ల కోసం తీస్తారే, అదే సరుకు. కోట్ల యూరోల యంత్రం, వందల కిలోమీటర్ల తీగ, చివరికి పని చక్కబెట్టింది చెవి పక్కన పెట్టిన పిండి సంచి. రిబ్బను కత్తిరించే వేళ దాన్ని ఫోటోలో చేర్చిన ఆసుపత్రి ఒక్కటి చూపించండి.

ఎనిమిది గొంతుల పద్ధతి ఏమైందంటారా? మిన్నెసోటాలో 7 టెస్లా యంత్రం 1999లోనే మనుషుల మెదళ్లు చూసింది. అమెరికా ఎఫ్.డి.ఎ. మొట్టమొదటి 7 టెస్లా యంత్రానికి వైద్యానికి అనుమతి ఇచ్చింది 2017 అక్టోబరులో. అదీ తలకు, కాళ్లూ చేతులకు. అప్పుడు అనుమతి దొరికిన పద్ధతిలో పంపే గొంతు ఒక్కటే. చీకటిని పూడ్చే ఎనిమిది గొంతులూ అదే యంత్రంలో ఉండేవి, కానీ వాటి మీద అప్పట్లో 'పరిశోధనకు మాత్రమే' అన్న ముద్ర ఉండేది. మందు అలమరాలో ఉండేది, తాళం అలమరాకుండేది, తాళంచెవి డ్యూక్ దగ్గరుండేది.

ఇంత గోలలో అసలు పనివాడిని చూశారా? అతని బల్ల మీద ఒక నెట్‌వర్క్ ఎనలైజర్, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల సీసా ఒకటి. ఆ సీసాకే ఫాంటమ్ అని పేరు, అది తలకు బదులు. ప్రతి వలయంలో అయస్కాంతానికి అంటుకోని కెపాసిటర్లు. ప్రతి వలయాన్నీ సరైన మెగాహెర్ట్జ్‌కూ 50 ఓములకూ తేవాలి. లోహం తగిలితే కొలత మారిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పాలి. ఒకటి సరిచేస్తే పక్కది చెడుతుంది. పంపేటప్పుడు వినే వలయాలు నోరు మూసుకోవాలి, దానికి డయోడ్లు. కేబుళ్ల పై తొడుగు మీద కరెంటు పారితే పేషెంటు చర్మం కాలుతుంది, దానికి ట్రాపులు. 32 వలయాలంటే ఇదంతా 32 సార్లు. ఆఖరున మనిషి తల లోపల పెట్టగానే ఫాంటమ్‌తో కుదిరిన లెక్క కాస్త పక్కకు జరుగుతుంది. మళ్లీ మొదలు. ఇన్నీ చేశాక వచ్చే వ్యాసం పేరు కూడా టెస్లాతోనే మొదలవుతుంది.

మన దగ్గరా ఇప్పుడు ఆశ మొలిచింది. ముంబైలోని సమీర్ సంస్థ తయారుచేస్తున్న స్వదేశీ 1.5 టెస్లా యంత్రాన్ని పరీక్షించడానికి 2025లో ఢిల్లీ ఎయిమ్స్ ఒప్పందం కుదుర్చుకుంది. సంతోషం. వార్తల్లో మళ్లీ టెస్లాయే పెద్ద అక్షరాల్లో వచ్చింది. నిజంగా దేశం బాగుపడాలంటే ఆ యంత్రానికి మన తలల కొలతలతో, మన జడలకు చోటుంచి, మన చేతులతో బాగుచేసుకోగలిగే కాయిల్ కావాలి. అయస్కాంతం ఒకసారి కొంటే ఏళ్ల తరబడి కూర్చుంటుంది. కాయిల్‌ను రోజూ పదిమంది తలలకు తొడుగుతారు, తీస్తారు, కేబుల్ పట్టుకుని లాగుతారు, ఒక్కోసారి కింద పడేస్తారు. ముందు పాడయ్యేది అదే. పాడైతే విదేశం నుంచి రావాల్సిందీ అదే. మంజూరు కమిటీలవాళ్లకు నాదొకటే మనవి: 1.5ని 3 చేయమని అడిగేవాడికి ఇచ్చే డబ్బులో నూటికి పది రూపాయలు ఆ సోల్డరింగ్ కుర్రాడి బల్ల మీద పెట్టండి. రిబ్బను కూడా అక్కర్లేదు.

చదివేవాళ్లకు ఇంకో మాట. తల స్కానింగుకు వెళ్లినప్పుడు ఎన్ని టెస్లాలని అడగండి, తప్పులేదు. ఆ తర్వాత తలకు పెట్టే కాయిల్‌ను చివరిసారి ఫాంటమ్ పెట్టి ఎప్పుడు పరీక్షించారని కూడా అడగండి. ఒక వలయం చచ్చిపోయినా బొమ్మ వస్తూనే ఉంటుంది, ఆ పక్కన కాస్త గరగరగా. అడిగేవాడుంటేనే చూసేవాడుంటాడు. లోపల పడుకున్నాక కేబుల్ ఏదీ ఒంటికి తగలకుండా సర్దమనండి. ఎక్కడైనా చురుక్కుమంటే మొహమాటపడి ఓర్చుకోకండి. చేతిలో పెట్టిన బల్బు అందుకే ఇచ్చారు, నొక్కండి.